లీనియర్ మోటార్, పీజో కలిపిన స్టేజి: పెద్ద అడుగు వేస్తే ఊగుతోంది, సలహా కావాలి

నమస్కారం అండి. నా స్టేజి (వస్తువును కచ్చితమైన చోటికి జరిపే వేదిక)లో మోటార్ 100 మిల్లీమీటర్లు కదులుతుంది, దాని మీది పీజో (వోల్టేజి ఇస్తే కొద్దిగా సాగే భాగం) 20 మైక్రాన్లే. ఎన్‌కోడర్ (స్థానాన్ని కొలిచే సెన్సర్) రెండూ కలిసిన మొత్తం స్థానాన్నే చూపిస్తుంది. పీజో ఎంత సాగిందో కొలిచే సెన్సర్ లేదు కాబట్టి మోడల్‌తో అంచనా వేసి, ఆ విలువను ఎర్రర్‌కు (గమ్యానికీ ఇప్పటి స్థానానికీ ఉన్న తేడాకు) కలిపి మోటార్ కంట్రోలర్‌కు ఇస్తున్నాను. మోడల్‌లో శాచురేషన్ (పీజో హద్దు దాటి సాగకపోవడం) ఉంది, హిస్టరిసిస్ (పెంచేటప్పుడు, తగ్గించేటప్పుడు ఒకే వోల్టేజికి వేర్వేరుగా సాగడం) లేదు.

చిన్న అడుగులకు చాలా బాగా పనిచేస్తోంది. 5 మిల్లీమీటర్ల అడుగు వేస్తే మాత్రం పీజో హద్దుకు తగిలి అక్కడే ఉండిపోతోంది, తర్వాత గమ్యం దగ్గర రెండూ చాలాసేపు ఊగుతున్నాయి. మోటార్, పీజో రెండు దారుల గెయిన్ (స్పందన బలం) సమానమయ్యే ఫ్రీక్వెన్సీ దగ్గర వాటి ఫేజ్ తేడా (ఒకటి మరొకదాని కన్నా వెనకబడే కోణం) 110 డిగ్రీలే, అంటే ఒకదాన్నొకటి రద్దు చేసుకునేంత లేదు. నాకు ఇంటిగ్రేటర్ (ఎర్రర్‌ను కూడబెట్టే కంట్రోలర్ భాగం) మీదే అనుమానం.

పీజో లూప్‌కు యాంటీ విండప్ (హద్దుకు తగిలినప్పుడు ఇంటిగ్రేటర్ పేరుకుపోకుండా ఆపే పద్ధతి) పెడితే సరిపోతుందా? లేక ఎర్రర్ 10 మైక్రాన్లలోకి వచ్చేదాకా పీజోను మధ్యలోనే ఆపి ఉంచాలా? అలా చేస్తే మారే క్షణంలో వచ్చే కుదుపును ఎలా తగ్గించాలి? ఇలాంటి స్టేజి నడిపినవాళ్లు దయచేసి చెప్పండి.