ఇల్లు ‘కట్టనియెడల’నా, ‘కట్టించనియెడల’నా?

చిత్తుప్రతి:
1787 జూన్ 28న ఫిలడెల్ఫియాలో జరిగిన అమెరికా రాజ్యాంగ సభలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ చేసిన ప్రసంగాన్ని తెలుగు చేస్తున్నాను. రోజూ ప్రార్థనతో సభ మొదలుపెడదామన్న ప్రసంగం అది. అందులో 127వ కీర్తన మొదటి వచనం వస్తుంది. ‘యెహోవా ఇల్లు కట్టనియెడల దాని కట్టువారి ప్రయాసము వ్యర్థమే’ అని నోట ఆడుతోంది గానీ, ‘కట్టనియెడల’ దగ్గర ఏదో అక్షరం తక్కువైనట్టు అనిపిస్తోంది. సరైన పాఠం ఏది?

పాతసంచిక:
తక్కువైంది ‘ఇంచు’. పాత తెలుగు బైబిల్లో ‘యెహోవా ఇల్లు కట్టించనియెడల’ అనే ఉంది. ‘కట్టనియెడల’ అంటే యెహోవా తాపీ పట్టినట్టు అవుతుంది. మేస్త్రీ కడతాడు, యజమాని కట్టిస్తాడు. అనువాదకుడు ఆ తేడా తెలిసే వేశాడు.

శకటరేఫం:
పాఠం అదే, కారణం మాత్రం అంత తేలిక కాదండీ. హీబ్రూలో ఉన్నది ‘యిబ్నె’. మామూలు ధాతురూపం, ప్రేరణ (ఇంకొకరిచేత చేయించడం) లేదు. ఆ భాషలో ప్రేరణకు వేరే రూపం ఉండి కూడా కీర్తనకారుడు దాన్ని వాడలేదు. కింగ్ జేమ్స్ ఇంగ్లీషు బైబిల్లోనూ కట్టేవాడు దేవుడే. అంటే ‘ఇంచు’ తెలుగువాడు చేర్చింది. పోనీ చేర్చాడే అనుకుందాం. అదే వచనం రెండో సగంలో ‘యెహోవా పట్టణమును కాపాడనియెడల దాని కావలికాయువారు మేలుకొని యుండుట వ్యర్థమే’ అంటాడు. అక్కడ ‘కాపాడించనియెడల’ అనలేదే! కావలికాండ్రు ఉన్నారుగా, వాళ్ళచేత కాపాడించవచ్చుగా? ఒకే వచనంలో ఒక క్రియకు ప్రేరణ, రెండోదానికి లేదు. ముందు దీనికి జవాబు చెప్పండి.

పాతసంచిక:
కాపాడడం చేతిపని కాదు, కట్టడం చేతిపని. దేవుడు కాపాడతాడని రోజూ అంటాం, ఇటుక పేరుస్తాడని ఎవరూ అనరు. అయినా తెలుగు భక్తికి ప్రేరణ సొంతరూపం. ‘పలికెడిది భాగవతమట, పలికించెడివాడు రామభద్రుండట’. పోతన పద్యంలో భారమంతా ఆ ‘ఇంచె’ మీదే ఉంది. దాన్ని తీసేస్తే కవి మిగులుతాడు, దేవుడు మిగలడు. ‘కట్టించనియెడల’ చదివిన తెలుగువాడికి వినపడేది పోతన గొంతే.

చింతాకు:
పోతనను తెచ్చారు గనుక రామదాసునూ వినాలి. ‘సీతమ్మకు చేయిస్తి చింతాకు పతకము’. ఇక్కడ చేయించింది భక్తుడు, చేయించుకున్నవాడు దేవుడు. ప్రేరణ అటు నుంచీ ఇటు నుంచీ నడుస్తుంది మన దగ్గర. కాబట్టి ‘ఇంచు’ ఉన్నంత మాత్రాన దేవుడు పైమెట్టు మీద ఉన్నట్టు కాదు. ఖర్చు ఎవరిదో చెబుతుంది, అంతే. అదీకాక ‘ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు’ అన్నది యజమానితోనే, మేస్త్రీతో కాదు. అక్కడ ‘కట్టించి’ లేదు. యజమాని కూడా కడతాడండీ మన వాడుకలో.

చిత్తుప్రతి:
సామెతతో నా ‘కట్టనియెడల’కు కాస్త ప్రాణం వచ్చింది. నాకు కావలసింది ఫ్రాంక్లిన్ మనసులోని అర్థం. ఆయన విశ్వాసానికి ఏది దగ్గర?

మూలపాఠం:
ఆయన విశ్వాసం గురించి ఊహించనక్కర్లేదు, రాసి పెట్టాడు. 1790 మార్చి 9న యేల్ కాలేజీ అధ్యక్షుడు ఎజ్రా స్టైల్స్‌కు రాసిన ఉత్తరంలో విశ్వాన్ని సృష్టించి పాలించే ఒకే దేవుణ్ణి నమ్ముతానన్నాడు. యేసు బోధించిన నీతి లోకం చూసినవాటిలో ఉత్తమమన్నాడు. యేసు దైవత్వం మీద మాత్రం సందేహాలున్నాయన్నాడు. ఏప్రిల్ 17న చనిపోయాడు. ఆ తరం నాయకులందర్నీ ఒక గాట కట్టకండి. స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేసిన జాన్ విదర్‌స్పూన్ ప్రెస్బిటేరియన్ పాదిరి. అదే ప్రకటన రాసిన జెఫర్సన్ 1820 నాటికి సువార్తల్లోంచి యేసు జీవితాన్నీ బోధల్నీ కత్తిరించి అతికించుకున్న పుస్తకం సమాధికి రాయి దొర్లించడంతో ఆగిపోతుంది, పునరుత్థానం లేదు. ఇద్దరి వాక్యాలనూ ఒకే క్రైస్తవ పరిభాషలో తెలుగు చేస్తే ఒకరికి అన్యాయం జరుగుతుంది.

ఇక ప్రసంగం. కీర్తన చెప్పిన వెంటనే ఫ్రాంక్లిన్ అన్న మాట చూడండి: ఆయన తోడ్పాటు లేకపోతే ఈ రాజకీయ కట్టడంలో బాబెలు గోపురం కట్టినవాళ్ళకంటే మనం మెరుగ్గా ఏమీ సాధించలేం అని. తోడ్పాటు! కట్టించడం కాదు, ఒంటరిగా కట్టడమూ కాదు. మనుషులు కడుతుంటే దేవుడు చెయ్యి కలపడం. కాబట్టి ‘కట్ట’, ‘కట్టించ’ రెండూ ఆయనకు పూర్తిగా అతకవు.

శకటరేఫం:
మూలపాఠం గారూ, బాబెలు దాకా వచ్చి అక్కడి క్రియను వదిలేశారు. ఆదికాండము 11:4 తెలుగులో ‘గోపురమును కట్టుకొని, పేరు సంపాదించుకొందము రండి’. కట్టుకొని! కొను వచ్చింది. ఫ్రాంక్లిన్ పక్కపక్కన పెట్టిన రెండు కట్టడాలూ తెలుగులో ప్రత్యయంతోనే విడిపోతున్నాయి: తమకోసం కట్టుకొన్నది కూలింది, ఆయన కట్టించింది నిలిచింది. ఈ తేడా ఇంగ్లీషులో లేదు. మూలం కంటే తెలుగు ఎక్కువ చెప్పే చోటు ఇది. ‘ఇంచు’ ఉంచండి.

పాతసంచిక:
గోపురం కూలినట్టు ఆదికాండంలో లేదు మాస్టారూ. భాష తారుమారై జనం చెదిరిపోయారు, కట్టడం మానేశారు, అంతే. కొను, ఇంచు జత మాత్రం బాగుంది, ఒప్పుకుంటున్నాను.

చింతాకు:
ఎవరైనా ‘నిర్మించనియెడల’ అని సర్దుకోమంటే వినకండి. నిర్మించులోని ‘ఇంచు’ ప్రేరణ కాదు, సంస్కృత పదాన్ని తెలుగు క్రియ చేసే ‘ఇంచు’. భావించు, ప్రేమించు వరస. చూపుకు ‘కట్టించు’లా ఉంటుంది, అర్థం ‘కట్టు’. ప్రశ్నను దాటేస్తుందే గానీ తీర్చదు.

‘యెహోవా’ విషయం కూడా చూసుకోండి. ఫ్రాంక్లిన్ పలికింది ‘ప్రభువు’. మన బైబిల్లో ఉంది కదా అని ఆయన నోట ‘యెహోవా’ పెడితే ఆయన వాడని పేరు ఆయనకు అంటగట్టినట్టే. నేనైతే ‘ప్రభువు ఇల్లు కట్టించనియెడల’ అని వేస్తాను.

మూలపాఠం:
‘కట్టనియెడల’ వేస్తానంటే నేనేమీ అడ్డుపడను. ఆ పూట అసలు ఏం జరిగిందో మాత్రం ఉపోద్ఘాతంలో రాయండి. రోజర్ షెర్మన్ బలపరిచాడు. ఇంత ఆలస్యంగా ప్రార్థన మొదలుపెడితే సభలో కీచులాటలున్నాయని బయట అనుకుంటారని హామిల్టన్, మరికొందరు వెనకాడారు. పాదిరికి ఇవ్వడానికి సభ దగ్గర డబ్బు లేదని విలియంసన్ తేల్చి చెప్పాడు. ఓటు పడకుండానే సభ లేచింది. ముగ్గురు నలుగురు తప్ప ఎవరికీ ప్రార్థన అవసరమనిపించలేదని ఫ్రాంక్లిన్ తన ప్రతి మీద రాసుకున్నాడు. ఇది చెప్పకపోతే, సభంతా మోకరించిందనుకుంటాడు చదివేవాడు.

చిత్తుప్రతి:
తప్పకుండా రాస్తానండీ. కీర్తనకు ముందు పిచ్చుక వాక్యం కూడా ఉంది. ఆయన గమనించకుండా పిచ్చుక నేల రాలదంటే, ఆయన సాయం లేకుండా సామ్రాజ్యం లేస్తుందా అని. దీనికి మత్తయి 10:29లోని ‘మీ తండ్రి సెలవులేక’ వాడనా?

పాతసంచిక:
వాడండి. సెలవంటే అనుజ్ఞ. ఇప్పటివాళ్ళకు బడి సెలవు గుర్తొస్తుందని భయపడి మంచిమాటను వదులుకోకూడదు.

శకటరేఫం:
వాడకండి. గ్రీకులో ఉన్నది ‘మీ తండ్రి లేకుండా’ అని మాత్రమే, సెలవు మనవాళ్ళ పూరణ. ఫ్రాంక్లిన్ అన్నది అనుజ్ఞ కాదు, గమనిక. అది లూకా 12:6కు దగ్గర: ‘ఒకటైనను దేవునియెదుట మరువబడదు’. రాలడం మత్తయిది, మరవకపోవడం లూకాది. రెంటినీ కలిపేశాడాయన. దానికి తెలుగులో ఒకే మాట ఉంది: ‘ఆయన ఎఱుక లేకుండా’.

చింతాకు:
మాట బంగారం. కానీ బండి ఱ ఎందుకండీ? ‘ఎరుక’ అని రాస్తే ఇవాళ ఎవరికి అర్థం కాదు?

శకటరేఫం:
నన్నయ, తిక్కనల పద్యాలు తీసి చూడండి, ఎందుకో తెలుస్తుంది. పద్యంలో ర, ఱ ప్రాస కలవదు.

చింతాకు:
ఫ్రాంక్లిన్ రాసింది వచనం కదండీ.