ఒకే రంగు పేరు, రెండు ఛాయలు: ఈ ఊలుతో శాలువా అంచు బిగుసుకోకుండా ఎలా అల్లాలి?

పుట్టినరోజు కానుకగా చేత్తో రంగులద్దిన మెరినో (మెత్తటి గొర్రె ఊలు) రెండు చిలపలు (పోగు చుట్టలు) వచ్చాయి. ఒక్కోటి 100 గ్రాములు, సుమారు 400 మీటర్లు, ఫింగరింగ్ మందం (సన్నపాటి పోగు). ఒకటి పండుమిరప ఎరుపు, రెండోది కాస్త కుంకుమ వైపు. పగటి వెలుగులో పక్కన పెడితే తేడా ఇట్టే తెలుస్తోంది.

త్రికోణపు శాలువా, గార్టర్ అల్లిక (అన్ని వరుసలూ నిట్ కుట్లే), 4 మి.మీ. సర్క్యులర్ సూది (తీగతో కలిపిన జంట సూది). నమూనా ముక్క తడిపి ఆరబెట్టాక 10 సెం.మీ.కి 20 కుట్లు, తడపక ముందు 22. కొలతతో పేచీ లేదు. ఛాయలు కలిసిపోవాలని రెండు వరుసలకోసారి ఉండ మారుస్తుంటే అంచున పోగు బిగుసుకుని, 30 వరుసలకే ఆ వైపు లోపలికి ముడుచుకుంది. వదులుగా వదిలితే ఉచ్చుల్లా వేలాడుతోంది. మొదటి కుట్టు అల్లకుండా జరపడం వల్లేనా? పోగు మార్చే చోటుని రెండు మూడు కుట్లు లోపలికి తీసుకెళ్తే గార్టర్‌లో గీత పడుతుందా?

ఇంకోటి, రంగు దిగుతోంది. మూడో ఉతుకులోనూ నీళ్లు గులాబీ రంగే. చుట్టూ మీగడ రంగు అంచు వేయాలి కాబట్టి ఇది పెద్ద తలనొప్పి. చల్లనీళ్లలో వెనిగర్ పోస్తే సరిపోదు, ఆసిడ్ రంగు (ఊలుకి పులుపు నీళ్లలో పట్టించే రంగు) పట్టాలంటే వేడి తగలాలి. అల్లింది విప్పేసి, కుర్చీ వీపుకి చుట్టి మళ్లీ చిలపలు చేసి, నాలుగు చోట్ల వదులుగా కట్టి, వెనిగర్ నీళ్లలో 80–85 డిగ్రీల దగ్గర అరగంట ఉంచి, గిన్నెలోనే చల్లారనిస్తే చాలా? ఇది సూపర్‌వాష్ (ఉతికినా అట్టకట్టకుండా శుద్ధి చేసిన ఊలు) కాదు, కదిపితే అట్టకట్టేస్తుంది.

 దీని సంగతి చెప్పండి.