ఫెలోషిప్ మీద విదేశంలో చదివితే రెండేళ్లు వెనక్కి రావాల్సిందేనా?

నల్లగొండ అన్న: మా చెల్లి బీడీఎస్ చదివి ఒక ఎన్జీఓలో పనిచేస్తోంది. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ ఊళ్లల్లో బడి పిల్లల పళ్లు చూడటం తన పని. ఇప్పుడు అమెరికాలో పబ్లిక్ హెల్త్ మాస్టర్స్‌కి ఫుల్‌బ్రైట్-నెహ్రూ ఫెలోషిప్ వచ్చింది. ఫీజు, నెల ఖర్చు, విమానం టికెట్ అన్నీ వాళ్లవే. ఇంట్లో పండగ చేసుకోవాల్సింది పోయి గొడవ మొదలైంది. చదువయ్యాక ఇండియాకి వచ్చి రెండేళ్లు ఉండాలన్న షరతు మా చిన్నాన్నకి మింగుడుపడటం లేదు. "లోను నేనిప్పిస్తా, మామూలు స్టూడెంట్ వీసా మీద పో, అక్కడే స్థిరపడు" అంటున్నాడు. వెనకబడ్డ దేశాల పిల్లలకి సాయమని చెప్పి ఇట్లా కట్టేయడం న్యాయమేనా? మీరేమంటారు?

పన్ను కట్టేవాణ్ణి: నూటికి నూరుపాళ్లు న్యాయం. 2008 నుంచి ఈ ఫెలోషిప్‌లో మన ప్రభుత్వం కూడా సమాన భాగస్వామి. నెహ్రూ పేరు చేరింది అందుకే. అంటే నా డబ్బు కూడా ఉంది. బ్రిటన్ ఇచ్చే చీవెనింగ్ స్కాలర్‌షిప్‌కీ ఇదే రెండేళ్ల షరతు. అప్లై చేసేటప్పుడు తెలియదా? ఇష్టం లేకపోతే ఆ సీటు ఇంకొకరికి వదిలేయండి.

ఓరుగల్లు: రావడానికి అభ్యంతరం లేదండీ, వచ్చాక ఏంటన్నదే అసలు గొడవ. మా బావ చీవెనింగ్ మీద ఏడాది మాస్టర్స్ చేసి, చెప్పినట్టే తిరిగొచ్చాడు. ఒక ప్రభుత్వ విభాగంలో కాంట్రాక్టు పోస్టుకి వెళ్తే సూపరింటెండెంటు ఫైలు తిరగేసి, "పీజీ ఏడాదేంటి సార్? ఈక్వివలెన్స్ సర్టిఫికెట్ తెచ్చారా?" అన్నాడట, అంటే ఆ పట్టా మన పీజీతో సమానమన్న కాగితం. బ్రిటన్ ఏడాది మాస్టర్స్‌ని గుర్తిస్తామని మన దేశం ఒప్పందం చేసుకుంది 2022 జులైలో. చీవెనింగ్ మొదలైంది 1983లో. మధ్యలో వచ్చినవాళ్లంతా ఏమైనట్టు? రమ్మని సంతకం పెట్టించుకుంటారు, తెచ్చిన పట్టా మాత్రం చెల్లదంటారు.

ఇది కొత్తేం కాదు. 1913లో అంబేడ్కర్ బరోడా సంస్థానం స్కాలర్‌షిప్ మీద కొలంబియా వెళ్లారు. తిరిగొచ్చి పదేళ్లు సంస్థానంలో పనిచేస్తానని రాసిచ్చారు. 1917లో లండన్ చదువు సగంలో వదిలేసి మరీ వచ్చారు. బరోడాలో ఆయనకి అద్దెకి గది ఇచ్చినవాళ్లు లేరు. పార్సీల సత్రంలో పేరు మార్చుకుని ఉంటే కర్రలు పట్టుకొచ్చి ఖాళీ చేయించారు. బాండు రాసిచ్చినాయన మాట నిలబెట్టుకున్నాడు. రాయించుకున్న సంస్థానం ఉండటానికి ఒక ఇల్లు చూపించలేకపోయింది.

పన్ను కట్టేవాణ్ణి: అంబేడ్కర్ పేరెత్తితే ఇంకెవరూ నోరెత్తరనా? ఆయన 1920లో మళ్లీ లండన్ వెళ్లి చదువు పూర్తి చేసుకుని కూడా ఇక్కడికే వచ్చారు కదా.

ఓరుగల్లు: వచ్చారు, ఈసారి బరోడా బాండుతో కాదు. సొంత పొదుపు, స్నేహితుడి దగ్గర అప్పు, కొల్హాపూర్ శాహూ మహారాజు సాయంతో వెళ్లారు. రావాలనుకునేవాళ్లు ఎవరూ కట్టేయకపోయినా వస్తారని మీరే ఒప్పుకుంటున్నారు.

వీసా కాగితాలు: ఇద్దరూ అసలు రూలు వదిలేశారు. అమెరికా చట్టంలో దీన్ని 212(ఇ) అంటారు. రెండేళ్లు స్వదేశంలో గడిపేదాకా హెచ్-1బీ, ఎల్ లాంటి ఉద్యోగ వీసాలు, గ్రీన్‌కార్డు ఇవ్వరు. కాన్ఫరెన్సుకి వెళ్లొచ్చు, ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద పీహెచ్‌డీకి కూడా వెళ్లొచ్చు. రెండేళ్లూ ఒకే విడతలో ఉండాలని లేదు, ఇక్కడున్న రోజులన్నీ కలుపుకుంటారు. దుబాయ్‌లో ఉన్న రోజులు మాత్రం లెక్కలోకి రావు. మన ప్రభుత్వం నుంచి నో అబ్జెక్షన్ లెటర్ తెచ్చుకుంటే మాఫీ అయిపోతుందని కన్సల్టెన్సీలు చెప్తుంటాయి. అమెరికా ప్రభుత్వ డబ్బుతో చదివినవాళ్ల విషయంలో ఆ దారి దాదాపు మూసుకున్నట్టే.

ఇంకోటి. అమెరికా బయటున్నవాళ్ల కోసం వేసే కొత్త హెచ్-1బీ పిటిషన్‌కి కంపెనీ లక్ష డాలర్లు కట్టాలని 2025 సెప్టెంబరులో ఉత్తర్వు తెచ్చారు. అక్కడే చదివి వీసా మార్చుకునేవాళ్లకి ఆ ఫీజు లేదు. కాబట్టి రెండేళ్లు ఇక్కడుండి తర్వాత ఉద్యోగానికి వెళ్దామంటే మునుపటంత తేలిక కాదు. మీ చిన్నాన్న భయం మరీ ఊరికే పుట్టింది కాదు. షరతే వద్దనుకునేవాళ్లు యూరప్‌లో ఎరాస్మస్ ముండుస్ స్కాలర్‌షిప్ చూడండి. ఫీజు కట్టక్కర్లేదు, నెలకి 1,400 యూరోలు ఇస్తారు, వెనక్కి రమ్మనే బాండు లేదు.

డల్లాస్ రూమ్మేట్: చిన్నాన్న గారికి చెప్పండి, నేను లోను మీద వచ్చినవాణ్ణే. హెచ్-1బీ లాటరీలో పేరు రాకపోయినా ఈఎంఐ మాత్రం నెలనెలా వస్తుంది. మా రూమ్మేటుకి తెలంగాణ అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యా నిధి కింద 20 లక్షలు వచ్చాయి. మిగతాదానికి వాడూ బ్యాంకుకే వెళ్లాడు. అప్పు తీరేదాకా ఇల్లు చూడటానికి కూడా రాలేని పరిస్థితి. మమ్మల్ని ఏ ప్రభుత్వమూ కట్టేయలేదు, బ్యాంకు కట్టేసింది. నాకు ఆ ఫెలోషిప్ వచ్చుంటే కళ్లకద్దుకుని వెళ్లేవాణ్ణి.

పన్ను కట్టేవాణ్ణి: డల్లాస్ తమ్ముడు బాగా చెప్పాడు. ఓరుగల్లు గారి బాధలో ఒక్కటి ఒప్పుకుంటా, డబ్బు పెట్టి చదివించిన ప్రభుత్వం వచ్చినవాళ్లకి పని చూపించాలి. దానికి షరతు ఎత్తేయడం మందు కాదు.

ఓరుగల్లు: పని చూపించేదాకా షరతు ఆపమంటున్నా నేను. ముందు వాళ్ల వంతు, తర్వాత పిల్లల వంతు.

నల్లగొండ అన్న: అందరికీ థాంక్స్. ఈఎంఐ సంగతి చదివి వినిపిస్తే "అందరికీ అట్లనే అయితదా" అన్నాడు చిన్నాన్న. ఇంకా దిగిరాలేదు. చెల్లి మాత్రం రెండేళ్లు కాదు, ఎట్లాగూ ఈ ఊళ్లల్లోనే పనిచేస్తానంటోంది. ఓరుగల్లు గారూ, అమెరికా డిగ్రీకి కూడా ఆ ఈక్వివలెన్స్ అడుగుతారా?

ఓరుగల్లు: సర్కారు పోస్టుకి వెళ్తే అడుగుతారు. అక్కడున్నప్పుడే సిలబస్ కాపీ, సీల్ వేసిన ట్రాన్స్‌క్రిప్టులు రెండు మూడు సెట్లు తీసిపెట్టుకోమనండి. ఇక్కడికొచ్చాక తెప్పించుకోవాలంటే అదో పెద్ద టెన్షన్.