"సువార్తను గూర్చి నేను సిగ్గుపడువాడను కాను" – ఇక్కడ సిగ్గంటే ఏది?

ప్రశ్న: సంఘంలో సాక్ష్యం చెప్పమన్నారు. బైబిల్లో పౌలు రోమా సంఘానికి రాసిన పత్రికలోని ఈ మాటతో (రోమా 1:16) మొదలుపెడదామనుకుంటున్నాను. ఆడవాళ్లు "సిగ్గుపడువాడను కాను" అనాలా, "సిగ్గుపడుదానను కాను" అనాలా? ఇంకో సంగతి కూడా ఉంది. నేను క్రైస్తవురాలినని ఆఫీసులో ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఈ వచనం చదివినప్పుడల్లా నన్నే నిలదీస్తున్నట్టు ఉంటుంది.

జవాబు: సిస్టర్, పౌలు మాటగా చదివేటప్పుడు ఉన్నదున్నట్టే చదవండి. మీ గురించి చెప్పుకునేటప్పుడు "సిగ్గుపడుదానను కాను" అన్నా వ్యాకరణానికి సరిపోతుంది, కానీ ఇప్పుడు అలా ఎవరూ మాట్లాడరు. "నేను సిగ్గుపడను" చాలు. కాకపోతే "పడువాడను కాను"లో ఉన్న బరువు "పడను"లో కొంత తగ్గుతుంది. ఏదో ఈ ఒక్కసారికి సిగ్గుపడటం లేదని కాదు, నేను అలాంటి మనిషిని కానని పౌలు అంటున్నాడు.

ఇక మీ రెండో సంగతి. తెలుగులో సిగ్గు చాలా వాటికి వాడతాం. పెళ్లిపీటల మీద సిగ్గు వేరు, కొత్తవాళ్లను చూసి పిల్లలు పడే సిగ్గు వేరు, తప్పు చేసి దొరికిపోయినప్పటి సిగ్గు వేరు. ఈ వచనంలో ఉన్నది వీటిలో ఏదీ కాదు. మన వాడుకలో దీనికి దగ్గరి మాట నామోషీ. చదువుకుని పైకొచ్చిన కొడుకు, కూలిబట్టలతో హాస్టలుకొచ్చిన తండ్రిని స్నేహితుల ముందు "మా నాన్న" అనలేకపోతాడే, అదీ. తండ్రి మీద ప్రేమ లేక కాదు. ఆయన్ను తనవాడని ఒప్పుకుంటే తన విలువ ఎక్కడ తగ్గుతుందోనన్న భయం.

పౌలు ఈ మాట రాసింది రోమాలో ఉన్నవాళ్లకు. అక్కడ సిలువ అంటే బానిసలకూ తిరుగుబాటుదారులకూ వేసే శిక్ష. అలా చచ్చినవాణ్ని ప్రభువని చెప్పుకోవడం ఆ ఊళ్లో ఎంత నామోషీయో ఒక గోడ మీద గీత చెబుతుంది. రోమ్‌లోని పాలటైన్ కొండ మీద 1857లో బయటపడింది. గాడిద తల ఉన్న మనిషి సిలువ మీద ఉన్నాడు. పక్కన ఒకడు చెయ్యెత్తి నిలబడ్డాడు. కింద గ్రీకులో "అలెక్సామెనోస్ తన దేవుణ్ని పూజిస్తున్నాడు" అనే అర్థం వచ్చే రాత. తోటివాణ్ని ఏడిపించడానికి ఎవరో గీసింది. ఇంకో గదిలో వేరే చేతిరాతతో, లాటిన్‌లో "అలెక్సామెనోస్ విశ్వాసి" అని కూడా ఉంది. అది రాసిందెవరైనా, నాకు ఆ రెండో రాత అంటే చాలా గౌరవం.

మన దగ్గర ఈ నామోషీకి కులం కూడా తోడైంది. 1878 జులైలో ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లలో ఎక్కువమంది మాదిగలు. అలా వచ్చిన కుటుంబాలను ఊళ్లో "కిరస్తానీలు" అన్నప్పుడు ఆ మాటలో మతం ఎంత ఉందో, మాదిగపల్లె మీద చిన్నచూపు అంతే ఉంది. ఈ రోజు ఆఫీసులో గొంతు పెగలకపోవడానికి సగం కారణం అదేనని నేను నమ్ముతాను. కాబట్టి మీకు భక్తి చాలదని మాత్రం అనుకోకండి.

సిగ్గుపడకపోవడమంటే గొంతు చించుకోవడం కూడా కాదు. 2 తిమోతి 1:16లో పౌలు ఒనేసిఫోరు గురించి, అతను తన సంకెళ్లను గూర్చి సిగ్గుపడలేదని రాశాడు. అతను చేసిందేమిటి? రోమాకు వచ్చి, ఖైదులో ఉన్న మనిషిని వెతుక్కుంటూ వెళ్లి కలిశాడు. ప్రసంగం చేసినట్టు అక్కడ లేదు. ఎవరైనా ఆదివారం ఎక్కడికెళ్లారంటే "చర్చికి" అని మామూలుగా చెప్పండి. మొదట్లో అది చాలు. మొహమాటం మెల్లగా పోతుంది.

ఇంకొక సభ్యుడు: బ్రదర్, సర్టిఫికెట్‌లో హిందూ పేరు, సంఘంలో క్రైస్తవ పేరు ఉన్నవాళ్ల సంగతేమిటి? అదీ సిగ్గుపడటమేనా?

జవాబు: నేనలా అనను. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం, క్రైస్తవం తీసుకున్న దళితులకు ఎస్సీ హోదా ఉండదు. మన రెండు రాష్ట్రాల్లోనూ వాళ్లను బీసీ-సిలో చేర్చారు, దానికి ఉన్నది ఒక్క శాతం రిజర్వేషన్. మతం మారినంత మాత్రాన ఊళ్లో చిన్నచూపు మారదు. పిల్లల చదువు కోసం పేరు విషయంలో తల్లిదండ్రులు పడే టెన్షన్‌ను, స్నేహితుల ముందు పడే నామోషీని ఒకే గాటన కట్టడం అన్యాయం. రోమా 1:16 ఎత్తిచూపి వాళ్లను నిలదీసేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. పౌలు ఆ వచనంలో "నేను" అన్నాడు, "మీరు" అనలేదు.

రెండు పేర్లవాళ్లు ఎవరైనా మీతో మనసు విప్పి మాట్లాడితే హెబ్రీ 2:11 చూపించండి. అక్కడా ఇదే క్రియ ఉంది, కర్త మాత్రం క్రీస్తు. వారిని సహోదరులని పిలవడానికి ఆయన సిగ్గుపడడు.