అమ్మ ఓటు నల్గొండ జిల్లా జాబితాలో ఎక్కడా కనిపించడం లేదు, దయచేసి దారి చెప్పండి

మూసీ ఒడ్డు:
మిత్రులకు నమస్కారం. ఉదయం తొమ్మిదింటికి మొదలుపెట్టిన పని మధ్యాహ్నం మూడు దాటినా ఒక కొలిక్కి రాకపోవడంతో విసిగిపోయి ఇక్కడ అడుగుతున్నాను. మా అమ్మకు డెబ్బై ఒక్క ఏళ్లు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆమె ఏ ఎన్నికల్లోనూ ఓటు వేయకుండా ఉండలేదు. ఎన్నికల సంఘం వెబ్‌సైటులో నల్గొండ జిల్లాను, మా నియోజకవర్గాన్ని ఎంచుకుని, ఆమె పేరు, భర్త పేరు, వయసు ఇచ్చి వెతికితే వివరాలు లేవని వస్తున్నది. కార్డు మీద ఉన్న సంఖ్య ఇచ్చినా అదే జవాబు. ఇంటిపేరు స్పెల్లింగును నాలుగు రకాలుగా మార్చి చూశాను. నా పేరు కూడా మా ఊరి ఓటర్లలో లేదు. తల్లీకొడుకుల పేర్లు రెండూ ఒకేసారి పోయాయంటే ఎవరో కావాలని తీసేయించారనే అనుమానం కలుగుతున్నది. ఇద్దరికీ కొత్తగా ఫారం 6 పెట్టమంటారా?

కోయిల్‌సాగర్:
ఏ మండలం? కార్డు సంఖ్య ఏ అక్షరాలతో మొదలవుతుంది?

పానగల్లు:
తొందరపడి ఫారం 6 పెట్టకండి. అది మొదటిసారి ఓటరుగా నమోదయ్యేవారి కోసం ఉన్నది. అందులో తప్పుడు వివరాలు రాసి సంతకం పెడితే, 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 31వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు శిక్షో, జరిమానానో, రెండూనో పడవచ్చు. ఇంకొక మాట కూడా చెప్పాలి. కార్డు ఉంటే ఓటు ఉన్నట్టేనని మన జిల్లాలో చాలామంది నమ్ముతారు. నేను ఉపాధ్యాయుడిగా ఎన్నికల విధులు చేసినప్పుడు, కార్డును పాలిథిన్ కవరులో నాలుగు మడతలు చుట్టి నడుముకు దోపుకుని, కర్ర పట్టుకుని వచ్చిన ఒక ముసలాయనకు జాబితాలో పేరు లేదని చెప్పవలసి వచ్చింది. ఆయన ఆ కవరును మళ్ళీ అంతే జాగ్రత్తగా చుట్టుకుంటూ బయటికి వెళ్ళిన తీరు నేను మరిచిపోలేదు. కార్డు మనిషి గుర్తింపుకు మాత్రమే పనికొస్తుంది, అది లేకపోతే ఆధార్ వంటి వేరే పత్రాలు చూపవచ్చు. జాబితాలో పేరు లేకపోతే మాత్రం ఏ కార్డు చూపినా ఓటు వేయనివ్వరు.

దుందుభి:
అసలు గందరగోళానికి మూలం ఎక్కడున్నదో చెప్పనివ్వండి. మన శాసనసభ నియోజకవర్గాల సరిహద్దులను 2001 జనాభా లెక్కల ఆధారంగా 2008లో నిర్ణయించారు, 2009 ఎన్నికల నుంచి అవే నడుస్తున్నాయి. అప్పుడే నల్గొండలో రామన్నపేట, చలకుర్తి, పాలమూరులో అమరచింత నియోజకవర్గాలు లేకుండా పోయాయి. ఆ తర్వాత 2016 అక్టోబరు 11న జిల్లాలను విడగొట్టారు గానీ నియోజకవర్గాల గీతలు ఒక్క అంగుళం కూడా కదలలేదు, ఎందుకంటే వాటిని మార్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి లేదు. 2014 నాటి ఆంధ్రప్రదేశ్ పునర్విభజన చట్టంలో తెలంగాణ శాసనసభ 119 స్థానాలను 153కు పెంచే మాట రాసి ఉన్నా, రాజ్యాంగం 170వ అధికరణం ప్రకారం 2026 తర్వాత జరిగే మొదటి జనగణన వచ్చేదాకా అది సాగదు. ఒక ఊరివాళ్ళు రేషను కార్డుకు ఒక జిల్లాకూ, ఎమ్మెల్యే కోసం ఇంకొక జిల్లాకూ తిరగవలసి రావడం చిన్న విషయం కాదు.

మూసీ ఒడ్డు:
దుందుభి గారూ, మీరు చెప్పింది విలువైన విషయమే గానీ నాకు ప్రస్తుతం అమ్మ పేరు దొరకడం ముఖ్యం. మాది శాలిగౌరారం మండలం. బస్సు ఎక్కినా, ఎరువుల బస్తా తెచ్చుకున్నా, ఆసుపత్రికి పోయినా మాకు నకిరేకల్లే కాబట్టి నకిరేకల్ నియోజకవర్గంలో వెతికాను. బూత్ నంబరు 418 అని పాత చీటీ మీద ఉన్నది. కార్డు చాలా పాతది, సంఖ్య ఏపీ అనే అక్షరాలతో మొదలై మధ్యలో గీతలతో ఉన్నది.

కోయిల్‌సాగర్:
శాలిగౌరారం నకిరేకల్ నియోజకవర్గంలో లేదు. తుంగతుర్తిలో ఉన్నది, దాని సంఖ్య 96. జిల్లా దగ్గర సూర్యాపేట పెట్టండి. ఏపీ సంఖ్య పాతది, ఇప్పుడు పది అక్షరాంకెల సంఖ్య ఉంటుంది. పేరుతోనే వెతకండి.

పానగల్లు:
మండలం పేరు మొదటే చెప్పి ఉంటే మీకు ఇంత శ్రమ తప్పేది. 418 అన్నది బూత్ నంబరు కాకపోవచ్చు. ఒక కేంద్రంలోని ఓటర్ల జాబితాను భాగం అంటారు, ఆ భాగంలో మీ అమ్మగారి వరుస సంఖ్య వేరు. పాత చీటీలో మీరు చూసింది బహుశా వరుస సంఖ్య. సూర్యాపేట జిల్లా నియోజకవర్గమైన తుంగతుర్తిలో మీ ఊరి పేరుతో ఉన్న భాగాన్ని తెరిచి చూడండి.

దుందుభి:
సూర్యాపేట జిల్లా నియోజకవర్గం అనే మాటను నేను ఒప్పుకోలేను. తుంగతుర్తి, తిరుమలగిరి, నూతనకల్లు సూర్యాపేటలో ఉన్నాయి, మోత్కూరు యాదాద్రి భువనగిరిలో ఉన్నది, శాలిగౌరారం నల్గొండలో ఉన్నది. మూడు జిల్లాల జనం కలిసి ఒక్క ప్రతినిధిని ఎన్నుకుంటున్నప్పుడు దాన్ని ఒక జిల్లాకు కట్టబెట్టి మాట్లాడితే మిగిలిన రెండు జిల్లాల మండలాలు పరాయివి అయిపోతాయి. అడిగినవారు దారి తప్పింది కూడా ఆ అలవాటు వల్లనే.

పానగల్లు:
పరిపాలన కోసం ఎన్నికల యంత్రాంగం ప్రతి నియోజకవర్గాన్నీ ఒక జిల్లా ఎన్నికల అధికారి కింద ఉంచుతుంది, నేను ఆ అర్థంలోనే అన్నాను. వెబ్‌సైటులో వెతికేవారికి కావలసింది ఆ మాటే. మండలాల మీద ప్రేమ మీకొక్కరికే ఉన్నదని అనుకోకండి.

మూసీ ఒడ్డు:
దొరికింది. సూర్యాపేట, తుంగతుర్తి, మా ఊరు అని పెట్టి జాబితా తెరిచి, పేజీకి ముప్పై గడుల చొప్పున ఒక్కొక్కటే చూసుకుంటూ పోతే, అమ్మ పేరు, దాని కింద నాన్న పేరు, ఇంటి సంఖ్య, వయసు అన్నీ సరిగ్గా ఉన్నాయి. 418 వరుస సంఖ్య కూడా కాదు, ఇప్పుడది మారింది. కానీ నా పేరు ఈ జాబితాలోనూ లేదు. రెండేళ్ళ కింద హైదరాబాదులో ఎల్బీనగర్‌లో ఇల్లు మారినప్పుడు గేటెడ్ కాలనీవాళ్ళు ఏదో ఫారం నింపించారు, దానికీ దీనికీ సంబంధం ఉంటుందా?

కోయిల్‌సాగర్:
ఉంటుంది. అది ఫారం 8. మీ ఓటు ఎల్బీనగర్‌కు మారింది. అక్కడ వెతకండి.

పానగల్లు:
ఈ సంగతి మొదటి ప్రశ్నలోనే ఉండవలసింది, ఎందుకంటే ఎవరో కావాలని తీసేశారన్న అనుమానం ఊళ్ళో మనుషుల మధ్య పగ పెంచుతుంది. ఇల్లు మారినప్పుడు 2022 ఆగస్టు నుంచి ఫారం 8 ఒక్కటే సరిపోతున్నది, కొత్త చోట పేరు చేరగానే పాత చోట తొలగిస్తారు. ఒక మనిషి రెండు నియోజకవర్గాల్లో ఓటరుగా ఉండకూడదని చట్టం 17వ సెక్షన్ చెబుతున్నది.

మూసీ ఒడ్డు:
మాకు ఊళ్ళో సొంత ఇల్లు, రెండెకరాల పొలం ఉన్నాయి. నా ఓటును మళ్ళీ ఊరికి తెచ్చుకోవాలని ఉన్నది. ఇల్లు ఉన్నది కాబట్టి ఇబ్బంది ఉండదు కదా?

పానగల్లు:
ఇల్లు ఉన్నంత మాత్రాన సరిపోదు. సొంత ఇల్లు ఉన్నదన్న ఒక్క కారణంతో ఆ ఊళ్ళో సాధారణ నివాసి అయినట్టు కాదని 20వ సెక్షన్ స్పష్టంగా అంటున్నది. మీరు భార్యాపిల్లలతో ఉంటూ, ఉద్యోగం చేస్తూ, రోజూ నిద్రపోయేది ఎల్బీనగర్‌లో అయితే మీ ఓటు అక్కడే ఉండాలి.

దుందుభి:
అదే సెక్షన్‌లో, తాత్కాలికంగా ఊరు విడిచి వెళ్ళినంత మాత్రాన సాధారణ నివాసం పోదని కూడా రాసి ఉన్నది, దాన్ని వదిలిపెట్టి చెప్పడం న్యాయం కాదు. మా పాలమూరు నుంచి పుణెకూ, ముంబయికీ మట్టి పనికి పోయేవాళ్ళు ఆరు నెలలు ఇంటికి తాళం వేసి ఉంచుతారు. సర్వేకు వచ్చినవాళ్ళు ఆ తాళం చూసి ఊరు విడిచారని రాసుకుంటే, పండుగకు తిరిగి వచ్చిన మనిషికి ఓటు లేకుండా పోతుంది. మా వాడలోనే ఒక కుటుంబానికి అలా జరిగింది. ముందు నోటీసు ఇచ్చి, చెప్పుకునే అవకాశం ఇవ్వకుండా పేరు తీయకూడదు. తీస్తే జిల్లా ఎన్నికల అధికారికి అప్పీలు చేసుకోవచ్చు.

పానగల్లు:
వలస కూలీల విషయంలో మీ మాట నూటికి నూరుపాళ్ళు నిజం. అడిగినవారు మాత్రం కుటుంబంతో స్థిరపడ్డారు. ఆ రెంటినీ ఒకే గాటన కట్టవద్దు.

కోయిల్‌సాగర్:
అమ్మగారి పాత కార్డు కూడా ఫారం 8తోనే మార్చుకోవచ్చు. అనుమానం ఉంటే ఓటర్ల సహాయ నంబరు 1950కి ఫోను చేయండి.

మూసీ ఒడ్డు:
ఎల్బీనగర్ జాబితాలో నా పేరు ఉన్నది. అమ్మకు ఫోను చేసి చెప్పాను. అందరికీ ధన్యవాదాలు.

డిండి వాగు:
మాది ఆమనగల్లు. మండలం రంగారెడ్డి జిల్లాలో ఉన్నది, నియోజకవర్గం కల్వకుర్తి, కల్వకుర్తి పట్టణం మాత్రం నాగర్‌కర్నూల్ జిల్లాలో ఉన్నది. నేను ఏ జిల్లా కింద వెతకాలో ఎవరైనా చెప్పగలరా?