హ్యాష్ పాస్‌వర్డ్‌ల సర్వర్ నుంచి మెయిల్ దించుకోవడానికి ‘నార్మల్ పాస్‌వర్డ్’ పెట్టడం తప్పా?

ఆటోనగర్ అడ్మిన్ (విజయవాడ)

అందరికీ నమస్కారం. ఆటోనగర్‌లో ఒక లారీ ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుకి మెయిల్ సర్వర్ చూసుకుంటాను. నలభై మెయిల్‌బాక్సులు. పాత సర్వర్‌లో పాస్‌వర్డ్‌లన్నీ డేటాబేస్‌లో ఉన్నవి ఉన్నట్టే, ఎవరు తెరిచినా చదివేలా ఉండేవి. మొన్న ఆదివారం కొత్త సర్వర్‌కి మార్చి, అన్నిటినీ ఎస్‌హెచ్‌ఏ512-క్రిప్ట్ హ్యాష్‌లు (మళ్ళీ పాస్‌వర్డ్‌గా తిప్పలేని రూపం) చేసి పెట్టాను.

సోమవారం పొద్దున తొమ్మిదిన్నరకి బుకింగ్ కౌంటర్ నుంచి ఫోన్. "మెయిల్ రావట్లేదండీ, పాస్‌వర్డ్ తప్పంటోంది." పది నిమిషాల్లో పన్నెండు కంప్యూటర్ల దగ్గర అదే మాట. సర్వర్‌లో మెయిల్ అందించే ప్రోగ్రాం డవ్‌కాట్ లాగ్ తెరిచి చూశాను. కంప్యూటర్ క్రామ్-ఎండీ5 (పాస్‌వర్డ్ నేరుగా పంపకుండా లాగిన్ అయ్యే పద్ధతి) అడుగుతోంది, ఇక్కడున్నది ఎస్‌హెచ్‌ఏ512-క్రిప్ట్ మాత్రమే అన్న అర్థంలో ఒకే లైను వరుసగా ఉంది. ఆ పన్నెండింటిలోనూ మెయిల్ ప్రోగ్రాం థండర్‌బర్డ్ సెట్టింగ్స్‌లో ‘ఎన్‌క్రిప్టెడ్ పాస్‌వర్డ్’ అని ఉంది. ‘నార్మల్ పాస్‌వర్డ్’కి మార్చగానే ఆదివారం నుంచి ఆగిన మెయిల్ అంతా దిగింది.

మా ఓనరు గారు ఒప్పుకోవట్లేదు. "ఎన్‌క్రిప్టెడ్ తీసేసి నార్మల్ పెట్టడమేంటయ్యా, తాళం తీసి గడియ పెట్టినట్టు! పాతదే పెట్టెయ్" అంటున్నారు. హ్యాషే ఉండాలని నేను. మీరేమంటారు?

మిర్చి యార్డు ఐటీ (గుంటూరు)

మీ ఓనరు గారి భయాన్ని తీసిపారేయకండి. టీఎల్ఎస్ (కంప్యూటర్‌కీ సర్వర్‌కీ మధ్య పోయేదాన్ని ఎవరూ చదవకుండా కాపాడేది) ఉంటే నార్మల్ పాస్‌వర్డ్ పరవాలేదని అందరూ అంటారు. కానీ సర్వర్ అసలుదేనని చెప్పే సర్టిఫికెట్ మీద హెచ్చరిక వస్తే మన స్టాఫ్ ఏం చేస్తారో మీకూ తెలుసు. చదవకుండా ఒప్పేసుకుంటారు. యార్డులో సీజన్ రోజుల్లో ఎవరికీ ఆగి చదివే తీరిక ఉండదు. మధ్యలో ఎవడైనా కూర్చుంటే పాస్‌వర్డ్ వాడి చేతికి నేరుగా పోతుంది. క్రామ్ ఉంటే అప్పుడు కూడా పాస్‌వర్డ్ వైరు మీదకి రాదు.

ఇంకో సంగతి. క్రామ్ కావాలంటే పాస్‌వర్డ్ ఉన్నదున్నట్టే దాచాలని లేదు. డవ్‌కాట్‌లో దానికి వేరే రూపం ఉంది.

బ్రాడీపేట లైనక్స్ (గుంటూరు)

యార్డు అన్నా, సర్టిఫికెట్ మాట నిజం. కానీ మీరు చెప్పిన ఆ వేరే రూపం సగం దంచిన మిరపకాయ లాంటిది. దాన్ని దొంగిలించినవాడికి అసలు పాస్‌వర్డ్ అక్కర్లేదు, దాంతోనే సరైన జవాబులు తయారుచేసి లాగిన్ అవుతాడు.

కారం మరతోనే చెప్తాను. క్రామ్‌లో సర్వర్ ప్రతిసారీ ఒక కొత్త మాట పంపుతుంది. మన కంప్యూటర్ ఆ మాటనీ పాస్‌వర్డ్‌నీ కలిపి దంచి జవాబు పంపుతుంది. సర్వర్ కూడా అదే కాయని, అంటే పాస్‌వర్డ్‌ని, అదే మాటతో దంచి, రెండు పొడులూ ఒకటేనా అని చూడాలి. హ్యాష్ పెట్టిన సర్వర్ దగ్గర కాయ లేదు, ఎప్పుడో సాల్ట్ (అడ్డదిడ్డంగా ఎంచిన కొన్ని అక్షరాలు) కలిపి దంచేసిన పొడే ఉంది. దాన్లోంచి కాయ రాదు. అందుకే పన్నెండు కంప్యూటర్లు ఆగాయి. నార్మల్ పాస్‌వర్డ్‌లో కాయే టీఎల్ఎస్ లోపల సర్వర్ దాకా వస్తుంది. సర్వర్ తన దగ్గరున్న సాల్ట్‌తో దంచి పోల్చుకుంటుంది.

హ్యాష్‌నే పంపొచ్చు కదా అని చాలామంది అడుగుతారు. అప్పుడు హ్యాషే పాస్‌వర్డ్ అయిపోతుంది, దాచిన ప్రయోజనం ఉండదు.

ఈ పద్ధతులు పుట్టిన కాలం కూడా చూడాలి. మెయిల్ దించుకునే పద్ధతి పాప్ 3లో, క్రామ్ లాంటిదే అయిన ఏపాప్ కమాండ్ ఉన్న ఆర్‌ఎఫ్‌సీ (ఇంటర్నెట్ పద్ధతులు రాసే పత్రం) 1939 వచ్చింది 1996లో, క్రామ్-ఎండీ5 ఆర్‌ఎఫ్‌సీ 2195 వచ్చింది 1997లో. అప్పట్లో మెయిల్ 110 పోర్టు మీద బట్టబయలుగా పోయేది, కాబట్టి వైరుని కాపాడటమే పెద్ద పని. 2018లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 8314 మొదటి నుంచే టీఎల్ఎస్‌తో మొదలయ్యే 995, 993 పోర్టులు వాడమంటోంది. ఇవాళ ఎక్కువ భయం డేటాబేస్ మొత్తం ఒకేసారి పోవడం గురించే.

మిర్చి యార్డు ఐటీ (గుంటూరు)

సరే తమ్ముడూ, పొడి సంగతి ఒప్పుకుంటాను. మరి కాయ సర్వర్ చేతికొచ్చిన ఆ క్షణం? డవ్‌కాట్‌లో ఒక్క డీబగ్ సెట్టింగ్ ఆన్ చేస్తే పాస్‌వర్డ్‌లు లాగ్‌లో పడతాయి. సర్వర్‌లో దూరినవాడు వారం రోజులు ఓపిక పడితే రోజూ లాగిన్ అయ్యేవాళ్ళవన్నీ దొరుకుతాయి.

బ్రాడీపేట లైనక్స్ (గుంటూరు)

దొరుకుతాయి. దానికి సరైన మందు స్క్రామ్, 2010లో ఆర్‌ఎఫ్‌సీ 5802గా వచ్చింది. సర్వర్ దగ్గర పాస్‌వర్డ్ ఉండదు, లాగిన్‌లోనూ కనపడదు. మీ కంప్యూటర్లలోని మెయిల్ ప్రోగ్రాములన్నీ దాన్ని ఒప్పుకుంటే రేపే మారండి. ఒప్పుకోకపోతే టీఎల్ఎస్ లోపల నార్మల్ పాస్‌వర్డ్, సర్వర్‌లో హ్యాష్. వెనక్కి పోవడం మాత్రం వద్దు.

కృష్ణలంక అక్క (విజయవాడ)

నేను ఒక చిన్న ఆడిట్ ఆఫీసులో చేస్తాను. నాకు ఈ పేర్లన్నీ తెలియవు. పాస్‌వర్డ్ మర్చిపోతే మీరు ఇక చెప్పలేరన్నమాట. మరి అప్పుడు పాత మెయిల్ పోతుందా?

ఆటోనగర్ అడ్మిన్ (విజయవాడ)

పోదక్కా. మామూలుగా మెయిల్ సర్వర్‌లో వేరే ఫైళ్ళుగా ఉంటుంది, దానికీ హ్యాష్‌కీ సంబంధం లేదు. కొత్త పాస్‌వర్డ్ పెడితే పాతదంతా కనపడుతుంది. యూజర్ పాస్‌వర్డ్‌తోనే మెయిల్‌కి కూడా తాళం వేసే ఏర్పాటు ఉంటే అది వేరే కథ, మా దగ్గర అది లేదు.

యార్డు అన్న మాట పట్టుకుని నిన్న రాత్రి డీబగ్ సెట్టింగ్ చూశాను, ఆఫ్‌లోనే ఉంది. ఉచితంగా దొరికే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ పెట్టాను. దాని గడువు తక్కువ కాబట్టి దానంతటదే రెన్యూ అయ్యేలా చేశాను. హెచ్చరికే రాకపోతే ఒప్పుకోవాల్సిన అవసరమూ రాదు. సర్వర్ ఇచ్చే పద్ధతుల్లోంచి క్రామ్ తీసేశాను.

ఓనరు గారిని ఒప్పించింది మాత్రం ఇవేవీ కాదు. పాత డేటాబేస్ బ్యాకప్ పెన్‌డ్రైవ్ ఆయన ముందే తెరిచాను. నలభై వరుసలు. మూడో వరుసలో మా బిల్లింగ్ గుమాస్తా గారి పాస్‌వర్డ్, వాళ్ళ పాప పేరు, పక్కన పుట్టిన సంవత్సరం. ఆయన్ని పిలిచి అడిగితే బ్యాంకుకీ అదే వాడుతున్నానన్నారు, మొహం పాలిపోయింది. మూడేళ్ళుగా ఆ వరుస నా కళ్ళ ముందే ఉంది. ఓనరు గారు ఇంకేం మాట్లాడలేదు, కిందికి స్క్రోల్ చేసి తన వరుస చూసుకున్నారు.

ఆ పెన్‌డ్రైవ్ చెరిపేశాం. నలభై మందీ పాస్‌వర్డ్‌లు మారుస్తున్నారు. సెట్టింగ్ మార్చాల్సిన కంప్యూటర్లు గొడౌన్ వైపు ఇంకా మూడు ఉన్నాయి, రేపు పొద్దున లోడింగ్ మొదలవకముందే వెళ్తాను.