రోజూ "తిన్నారా?" అని మెసేజ్ పెడితే ఇష్టమున్నట్టేనా?

గోదారిగట్టు:
మాదాపూర్‌లో ఆఫీసు. మా టీమ్‌లో అమ్మాయి, ఇద్దరిదీ ఒకే వయసు. రోజూ మధ్యాహ్నం "తిన్నారా?" అని మెసేజ్ పెడుతుంది. నా వాట్సాప్ స్టేటస్ ఒక్కటీ వదలదు. ఈమధ్య "మీరు" పోయి "నువ్వు" వచ్చింది. కానీ మెసేజ్ చూసి కూడా గంటల తరబడి జవాబివ్వని రోజులున్నాయి. వీటిలో దేన్ని పట్టించుకోవాలి, దేన్ని వదిలెయ్యాలి? తొందరపడి తనని ఇబ్బంది పెట్టడం నాకిష్టం లేదు.

మాటామంతీ:
"తిన్నారా?" మనవాళ్ల పలకరింపు, దానికి విలువ కట్టకండి. తర్వాత ఏమొస్తుందో చూడండి. మీరు "తిన్నాను" అనగానే "సరే" అని ఆగిపోతే అక్కడితో అయిపోయింది. "ఈరోజైనా క్యారేజీ తెచ్చుకున్నావా, నిన్న మళ్లీ క్యాంటీనే కదా" అంటే మీ మాట గుర్తుపెట్టుకుందన్నమాట. అయితే ఇదీ తనకి అందరితో ఉన్న అలవాటు కావచ్చు. మాటకి మాట కలుపుతూ ప్రశ్నలడిగేవాళ్లు ఎదుటివాళ్లకి ఎక్కువ నచ్చుతారని 2017లో హార్వర్డ్ పరిశోధకులు చూపించారు. అలా శ్రద్ధగా వినే మనిషి మనకి నచ్చేసరికి, తనే మనవైపు మొగ్గినట్టు అనిపించవచ్చు. కాబట్టి టీమ్‌లో మిగతావాళ్లతో తను ఎలా మాట్లాడుతుందో ముందు గమనించండి. మీ దగ్గర మాత్రమే కనిపించే తేడాయే లెక్కలోకి వస్తుంది.

స్టేటస్‌లు ఒకటి తర్వాత ఒకటి వాటంతటవే నడుస్తాయి, చూసినవాళ్ల జాబితాలో పేరుంటే అర్థమేమీ లేదు. దానికి జవాబు రాస్తే వేరే మాట. నీలం టిక్కులూ అంతే. ఆలస్యం కన్నా ఆలస్యం తర్వాత ఏం రాసిందన్నది ముఖ్యం: మీరడిగినదానికి పూర్తిగా చెప్పి, తనూ ఒకటి అడిగితే ఆ గంటలు లెక్కలేదు.

మూడు వారాల చాట్ వెనక్కి తిప్పండి. ఆఫీసు పని మాటలు తీసేయండి. మిగిలినవాటిలో సంభాషణ ఎవరు మొదలుపెట్టారు? శని, ఆదివారాల్లో తనంతట తను రాసిందా? పదిలో ఎనిమిది మీవే అయితే ఆగండి.

వేపచెట్టు:
అమ్మాయిల వైపు నుంచి ఒక మాట. ఆఫీసులో నవ్వుతూ మాట్లాడటం చాలామందికి పనిలో భాగం. 1982లో మనస్తత్వ పరిశోధకురాలు ఆంటోనియా ఆబీ చేసిన ప్రయోగంలో ఒక అబ్బాయి, అమ్మాయి అయిదు నిమిషాలు మాట్లాడుకుంటుంటే పక్కనుంచి చూసినవాళ్లలో మగవాళ్లు ఆ అమ్మాయి స్నేహభావాన్ని ఆకర్షణగా ఎక్కువ అంచనా వేశారు. పొరపాటు ఎటువైపు మొగ్గుతుందో తెలుసుకుని, మీ అంచనా కాస్త తగ్గించుకోండి.

ఒకే వయసువాళ్లు "నువ్వు"లోకి దిగడం మామూలే. అది తిరిగి "మీరు", "ఓకే అండి" అయిందంటే మాత్రం దూరం జరుగుతోందని అర్థం. మీరు ఇద్దరికీ టీ అంటే "అందరం వెళ్దాం" అని మూడో మనిషిని కలపడం కూడా అలాంటిదే. "అన్నయ్యా" అంటే ఇక చెప్పేదేముంది. "బ్రో"ని మాత్రం పట్టించుకోకండి, ఇప్పుడు అందరూ అందరినీ అంటున్నారు.

ఇరానీచాయ్:
గమనించడం ఒక హద్దు వరకే పనికొస్తుంది, తర్వాత అడగాల్సిందే. కాదనడానికి సులువుగా ఉండేలా అడగండి: "శనివారం సాయంత్రం అయిదుకి లామకాన్ కల్చరల్ సెంటర్‌కి వెళ్తున్నా, వీలైతే వస్తావా?" చోటు, రోజు, గంట చెప్పాలి. ఆఫీసు చాట్‌లో వద్దు, నలుగురి ముందు అసలే వద్దు. "శనివారం కుదరదు, ఆదివారమైతే?" అంటే రావాలనుంది. వేరే రోజు చెప్పకుండా "చూద్దాం" అంటే కాదనే అనుకోండి, మళ్లీ అడగకండి. పనిచోట లైంగిక వేధింపులపై 2013 చట్టం చూసేది మీ ఉద్దేశాన్ని కాదు, ఆ ప్రవర్తన తనకి సమ్మతమా కాదా అన్నదాన్ని. తన అప్రైజల్ మీ చేతుల్లో ఉంటే ఈ ఆలోచనే మానేయండి, మీ ముందు తను మనసులో మాట చెప్పలేకపోవచ్చు.

గోదారిగట్టు:
అప్రైజల్ నా చేతిలో లేదు. "చూద్దాం" అని, రెండు రోజులాగి తనే ఆ మాటెత్తితే?

ఇరానీచాయ్:
అప్పుడు లెక్క మారినట్టే. "ఏ రోజు వీలు?" అని ఒక్కటే అడిగి, రోజు తననే చెప్పనివ్వండి.